కన్సోల్ రేటు తగ్గేదాకా ఆగాలంటే: ఎంతకు, ఎన్నాళ్లు, ఎట్లా

ఫోన్ మార్కెట్లోకి వచ్చిన ఆరు నెలలకు రేటు దానంతట అదే దిగుతుంది. ఏడాది ఆగినవాడికి ఇంకా లాభం. అదే లెక్క గేమింగ్ కన్సోల్‌కు వేసుకుంటే మాత్రం దెబ్బ తింటారు. సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్క్ మోడల్ (ఆట డిస్కు వేసుకునేది) 49,990 రూపాయలు, డిజిటల్ మోడల్ (ఆటలు నెట్‌లోంచే దించుకునేది) 39,990. "ఇప్పుడే ఎందుకు, రెండేండ్లల్ల దిగుతది" అని ఆగినవాళ్లకు 2022 నవంబర్‌లో ఎదురైన రేట్లు 54,990, 44,990. 2024 ఏప్రిల్ 5న స్లిమ్ మోడల్ వచ్చింది. అప్పుడూ అవే 54,990, 44,990. మూడేళ్లు ఆగితే ఐదు వేలు పెరిగింది.

అయితే ఆగడం దండగ అని కాదు. 2023లో 'సమ్మర్' పేరుతో వచ్చిన ఆఫర్‌లో డిస్క్ మోడల్ మీద 7,500 తగ్గి 47,490కి దొరికింది. 2024 నవంబర్ 22 నుంచి డిసెంబర్ 5 దాకా బ్లాక్ ఫ్రైడే పేరుతో స్లిమ్ మీద మళ్లీ 7,500 తీశారు. ఆఫర్ అయిపోగానే పాత రేటు. అంటే కన్సోల్ రేటు మెట్లు దిగినట్టు దిగదు, పది పదిహేను రోజులు తల వంచి మళ్లీ లేస్తుంది. ఆ పది రోజుల కోసం ఆగడం తెలివైన పని. శాశ్వతంగా దిగుతుందని ఆగితే మాత్రం కాలం గడవడమే మిగులుతుంది.

ఎందుకు దిగడం లేదు?

పాత రోజుల అనుభవమే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. పీఎస్3 అమెరికాలో 2006లో 599 డాలర్లకు వచ్చి, 2009లో స్లిమ్ వచ్చేసరికి 299 అయింది. పీఎస్4 2013లో 399, 2015లో 349, 2016లో 299. అప్పట్లో లోపలి చిప్‌ను కొన్నేళ్లకోసారి చిన్నగా చేసేవాళ్లు. ఒకే సిలికాన్ పలకలోంచి ఎక్కువ చిప్‌లు వచ్చేవి, ఖర్చు తగ్గేది, ఆ తగ్గింపులో కొంత మన దాకా వచ్చేది. పీఎస్5లో కూడా 2022లో చిప్‌ను 7 నానోమీటర్ల నుంచి 6కు మార్చారు. కరెంటు వాడకం కాస్త తగ్గింది, రేటు మాత్రం దిగలేదు. చిన్న చిప్ చేయడం ఇప్పుడు అంత చవక కాదు మరి. దానికి తోడు 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల రేట్లు ఎగబాకాయి. కన్సోల్‌లో ఉండేది ముఖ్యంగా ఆ చిప్, ఆ మెమరీ, ఆటలు దాచే ఆ ఎస్ఎస్‌డీలే.

అమెరికాలో ఏం జరిగిందో చూస్తే దిశ తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 499 డాలర్ల నుంచి 2025 మే నెలలో 599కి, అదే ఏడాది అక్టోబర్‌లో 649కి ఎక్కింది. డిస్క్ పీఎస్5 2025 ఆగస్టు 21న 549.99 అయింది. ఐదేళ్ల పాత సరుకు రేటు పెరగడం ఈ వ్యాపారంలో మునుపు అరుదు.

ఇప్పుడు మన లెక్క. కన్సోళ్ల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 18 శాతం. 54,990లోంచి ఆ పన్ను తీసేస్తే మిగిలేది దాదాపు 46,600. డాలర్ 88 రూపాయలు అనుకుంటే 549.99 డాలర్లు అంటే 48,400, అది కూడా అక్కడి అమ్మకం పన్ను కలపకుండానే. అంటే 54,990 అనే రేటు 2025 నాటి అమెరికా రేటు కన్నా తక్కువే, అందులో దిగుమతి సుంకం కూడా ఇమిడి ఉంది. ఇంకా దిగడానికి చోటు ఎక్కడుంది? ఎక్కడానికే ఉంది. మీరు చదివే రోజు డాలర్ రేటు, అమెరికా రేటు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి. పన్ను తీసేసిన మన రేటు అక్కడి రేటు కంటే బాగా తక్కువ ఉంటే త్వరలో పెంచుతారని అనుమానించాలి, దగ్గర్లో వచ్చే ఆఫర్‌లోనే కొనేయాలి.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది కదా అని కొందరు ఎదురుచూశారు. ఆ తగ్గింపు 32 అంగుళాలు దాటిన టీవీలకు, 28 నుంచి 18కి. కన్సోల్ ముందు నుంచే 18లో ఉంది కాబట్టి దానికి ఒరిగిందేమీ లేదు. టీవీ కూడా కొనేది ఉంటే మాత్రం ఆ లాభం నిజమే. పన్ను లేకుండా 25,000 ఉన్న టీవీ 32,000 నుంచి 29,500కి వచ్చింది.

ముందు ఒక అంకె రాసిపెట్టుకోండి

మామూలు రేటులోంచి 7,500 తీసేయండి. అదే మీ టార్గెట్. 54,990 మోడల్‌కు 47,490. రేటు మారి ఉంటే ఆ కొత్త రేటులోంచి తీయండి. 5,000 మాత్రమే తగ్గిస్తే? దాని మీద బ్యాంకు కార్డు ఆఫర్ వెయ్యిన్నరో రెండు వేలో కలిస్తే కొనొచ్చు, టార్గెట్‌కు దగ్గరికే వచ్చినట్టు. ఒక్క 5,000తో ఆగితే, తర్వాతి ఆఫర్ రెండు నెలల లోపు ఉంటే ఆగండి, లేకుంటే తీసుకోండి. పదిహేను, ఇరవై వేలు తగ్గే రోజు కోసం కూచుంటే ఆ కన్సోల్ తయారీయే ఆగిపోయి తర్వాతిది వచ్చేస్తుంది.

రేటు చరిత్ర చూడకుండా ఆఫర్‌ను నమ్మకండి. పాత రేట్లు చూపించే సైట్లున్నాయి: అమెజాన్ సరుకుకు 'కీపా', అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండింటికీ 'బైహట్‌కే' పనికొస్తాయి. సరుకు లింకు అందులో పెడితే గత నెలల రేట్లు గీతలా కనిపిస్తాయి, ఫలానా రేటుకు వస్తే కబురు పెట్టమని అలారం కూడా పెట్టుకోవచ్చు. ఆ గీతలో చూడాల్సినవి రెండు. ఒకటి, ఆరు నెలల్లో అది తాకిన కనిష్ఠ రేటు. రెండోది, సేల్‌కు ముందు వారం గీత పైకి లేచిందా అన్నది. 54,990 సరుకును ఎవడో అమ్మకందారు 59,990 చేసి, దాన్ని కొట్టేసి పక్కన 53,990 అని ఎర్రగా రాస్తాడు. చూసేవాడికి ఆరు వేల లాభం, అసలు లాభం వెయ్యి. కొట్టేసిన అంకె వైపు కన్నెత్తి చూడకండి.

అలారం పెట్టేటప్పుడు సరైన మోడల్ మీదే పెట్టారా చూసుకోండి. స్లిమ్ డిస్క్, స్లిమ్ డిజిటల్, ఆట కలిపిన బండిల్, రెండు కంట్రోలర్ల బండిల్, ఇవన్నీ వేర్వేరు పేజీలు. డిజిటల్ రేటు చూసి డిస్క్ రేటు పడిపోయిందని గంతులేసేవాళ్లు ప్రతి సేల్‌లో ఉంటారు.

ఏ నెలలో చూడాలి

పెద్ద ఆఫర్లు ఐదు సార్లు వస్తాయి: జనవరి రిపబ్లిక్ డే సేల్, మే నెల ఎండాకాలం సేల్, జూలై అమెజాన్ ప్రైమ్ డే, దసరా ముందు పెద్ద సేల్, నవంబర్ చివర బ్లాక్ ఫ్రైడే. ఇందులో కన్సోల్‌కు బలమైనవి దసరా నుంచి డిసెంబర్ దాకా వచ్చేవి. జనవరి, మే సేల్స్‌లో కంట్రోలర్లు, డిస్కులు బాగా దిగుతాయి, కన్సోల్ ఒక్కోసారి దిగుతుంది, ఒక్కోసారి లేదు.

తెలియక చాలామంది పోగొట్టుకునేది ఒకటుంది. ఆఫర్ ఇచ్చేది కంపెనీయే అయితే ఆ రేటు ఆన్‌లైన్‌కే కాదు, అధీకృత దుకాణాలన్నిటికీ ఒకటే. ఆన్‌లైన్‌లో స్టాక్ అయిపోయిందని చూపించిన రోజు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న చైన్ ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌కు ఫోన్ కొట్టండి. మన వైపు షోరూముల్లో కన్సోల్‌కు టీవీ, ఫ్రిజ్ లాగా గిరాకీ ఉండదు, కాబట్టి ఒకటో రెండో పెట్టెలు కదలకుండా ఉండే అవకాశం ఎక్కువ. అడిగేటప్పుడు "పీఎస్5 ఉందా" అని కాదు, "కంపెనీ ఆఫర్ ఫలానా తేదీ దాకా ఉంది, ఆ రేటుకు బిల్లు అయితదా, స్టాక్ షోరూమ్‌ల ఉందా, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాల్నా" అని అడగాలి. తెప్పించేదైతే అడ్వాన్స్ కట్టి రసీదు మీద రేటు రాయించుకోండి. లేకుంటే పెట్టె వచ్చేలోపు ఆఫర్ ముగిసి, పాత రేటు అడుగుతారు.

పెద్ద ఆట వచ్చే నెలలో మాత్రం తగ్గింపు ఆశించకండి. జీటీఏ 6 విడుదల తేదీగా 2026 నవంబర్ 19ని ప్రకటించారు. అటువంటి ఆట కోసమే కన్సోల్ కొనేవాళ్లు దేశమంతా ఒక్కసారి ఎగబడతారు. గిరాకీ అంత ఉన్నప్పుడు ఎవరైనా రేటెందుకు తగ్గిస్తారు? ఆ ఆటే మీ లక్ష్యమైతే కన్సోల్ దానికి ముందు సేల్‌లోనే ఇంట్లో ఉండాలి.

పైసల లెక్క

నెలకు 5,300 చొప్పున తొమ్మిది నెలలు పక్కన పెడితే 47,700. జనవరిలో మొదలుపెడితే దసరా సేల్‌కు చేతిలో ఉంటాయి. బ్యాంకులో ఆర్‌డీ చాలు. చీటీలో వేసినవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: పాట మీకు కావాల్సిన నెలలోనే దొరుకుతుందన్న నమ్మకం లేదు. సేల్ కోసం చీటీని ఎక్కువకు పాడుకుంటే, అక్కడ పోయేది ఇక్కడ తగ్గే 7,500 కంటే ఎక్కువ కావచ్చు. పాడే ముందు కాగితం మీద వేసి చూడండి.

'నో కాస్ట్ ఈఎంఐ' పూర్తిగా ఉచితం కాదు. వడ్డీని అమ్మకందారు ముందే తగ్గింపుగా ఇస్తాడు, బ్యాంకు మాత్రం మీ దగ్గర వసూలు చేస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే. 47,490కి 6 నెలలు, 15 శాతం వడ్డీ అనుకుంటే వడ్డీ దాదాపు 2,000, దాని మీద పన్ను 360. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దాని పన్నుతో 235. మొత్తం దాదాపు 600. అంతే అయితే ఫర్వాలేదు. అసలు నష్టం వేరే చోట ఉంటుంది: కొన్ని ఆఫర్లలో ఈఎంఐ ఎంచుకోగానే కార్డు తగ్గింపు మాయమవుతుంది. పైసలు కట్టే పేజీలో ఒకసారి ఈఎంఐ, ఒకసారి పూర్తి చెల్లింపు ఎంచుకుని చివరి అంకెలు పక్కపక్కన రాసుకోండి.

కార్డు ఆఫర్‌లో '10 శాతం' కంటే దాని కింద చిన్నక్షరాల్లో ఉండే గరిష్ఠ పరిమితే ముఖ్యం. పరిమితి 1,500 అని ఉంటే 47,490 మీద 4,749 రాదు, 1,500 వస్తుంది. చుట్టాల కార్డు వాడేటట్టయితే సేల్ మొదలైన రాత్రి ఓటీపీ చెప్పడానికి వాళ్లు మేలుకుని ఉండాలి. ఇది ముందే మాట్లాడుకోకపోవడం వల్ల పోయిన బేరాలు చాలా.

డిస్కా, డిజిటలా

ఇక్కడ మన ఊళ్ల నెట్ చూసి నిర్ణయించాలి. డిజిటల్ రేటు తక్కువ అనిపిస్తుంది. కానీ పెద్ద ఆట ఒక్కోటి 100 జీబీ దాకా ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజుకు 2 జీబీ ప్లాన్ మీద నడిపితే ఒక్క ఆట దిగడానికి 50 రోజులు. ఇంట్లో ఇంకెవరూ ఆ డేటా ముట్టకుండా ఉంటేనే. 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే అయిదున్నర గంటలు, 100 ఉంటే రెండుంపావు. దేవరకొండ, అచ్చంపేట వైపు ఫైబర్ రాని ఊళ్లో ఉంటే డిస్క్ మోడలే కొనండి. డిస్క్ వేసినా అప్‌డేట్లు నెట్‌లోంచి దిగాల్సిందే, అవి కొన్ని జీబీల నుంచి మొదలవుతాయి. కానీ ఆట మొత్తం దించడంతో పోలిస్తే చాలా నయం.

రేటు తగ్గేదాకా ఆగే మనిషికి డిస్క్ మోడల్‌లో ఇంకో లాభం. కన్సోల్ రేటు మొండిది, ఆటల రేటు కాదు. 4,999కి వచ్చిన కొత్త ఆట డిస్కు ఆరు నెలల్లో, ఏడాదిలో సగానికి వస్తుంది. ఫుట్‌బాల్ ఆటలైతే ప్రతి సెప్టెంబర్ చివర కొత్తది వస్తుంది కాబట్టి పాతది జూలై, ఆగస్టుల్లోనే సగానికి పైగా పడిపోతుంది. ఆడేసిన డిస్కును అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. డిజిటల్‌లో కొన్నది మీ అకౌంట్‌కే అతుక్కుని ఉంటుంది. ఏడాదికి నాలుగు పెద్ద ఆటలు ఆడేవాడికి ఆ రేటు తేడా రెండేళ్లలోపే తిరిగొస్తుంది. ఉచిత ఆటలు, ఆన్‌లైన్ స్టోర్ సేల్స్‌తోనే సరిపెట్టుకునేవాడికి, మంచి ఫైబర్ ఉంటే, డిజిటల్ చాలు.

స్లిమ్ డిజిటల్‌కు తర్వాత డిస్క్ డ్రైవ్ తగిలించుకోవచ్చు. మొదటిసారి తగిలించినప్పుడు నెట్‌తో జత కలపాలి. అయితే ఆ డ్రైవ్ రేటు కలిపి చూస్తే ముందే డిస్క్ మోడల్ కొనడం మేలు అని తేలుతుంది. అట్టపెట్టె మీద స్టోరేజీ కూడా చదవండి: పాత లావు మోడల్‌లో 825 జీబీ, అందులో ఆటలకు మిగిలేది 667. స్లిమ్ 1 టీబీగా వచ్చింది. కొన్ని దేశాల్లో కొత్త డిజిటల్ మోడళ్లను మళ్లీ 825కి దించారు. రేటు తగ్గినట్టు కనిపిస్తే సామానే తగ్గిందేమో చూసుకోండి.

హైదరాబాద్ పోవాలా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి పోతే చవక అన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు, రానుపోను ఒక దినం పని. కొత్త కన్సోల్‌కు కంపెనీ ఆఫర్ ఉన్న రోజుల్లో అక్కడికీ ఇక్కడికీ తేడా పెద్దగా ఉండదు. వెయ్యి రూపాయల కోసమైతే పోవద్దు. పాత డిస్కులు, వాడిన కన్సోళ్లు, కంట్రోలర్ రిపేరుకైతే పోవచ్చు. ఎంజీబీఎస్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దాకా పోతే పార్క్‌లేన్ దగ్గరే. అమ్మను వెంట తీసుకుపోతే ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆమె టికెట్ మహాలక్ష్మి కింద ఉచితం, బేరం కూడా ఆమే బాగా ఆడుతుంది.

అక్కడ వినిపించే మాట ఒకటి ఉంది. "తమ్మీ, బిల్లు లేకుంటే రెండు వేలు తక్కువకిస్త, సరుకు అదే." సరుకు అదే కాదు. బిల్లు లేని పెట్టె చాలాసార్లు దుబాయ్ నుంచో జపాన్ నుంచో వచ్చి ఉంటుంది. "అన్నా, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాసిస్తవా?" అని అడగండి. రాసివ్వను అంటే బయటికి వచ్చేయండి. ఏడాది వారంటీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది, ఒక హెచ్‌డీఎంఐ పోర్టు (టీవీ కేబుల్ పెట్టే చోటు) పోతేనే ఆ రెండు వేలు ఎగిరిపోతాయి. పెట్టె మీద మోడల్ నంబర్ చూడండి: మన దేశానికి వచ్చే పీఎస్5ల మీద సీఎఫ్ఐ-2008 లాగా చివర 08 ఉంటుంది. జపాన్ పెట్టె విషయంలో మరీ జాగ్రత్త. 2025 నవంబర్‌లో అక్కడ 55,000 యెన్‌లకు తెచ్చిన డిజిటల్ మోడల్ జపనీస్ భాషలోనే, జపాన్ అకౌంట్‌తోనే నడుస్తుంది. అది ఎంత చవకగా ఇచ్చినా మనకు పనికిరాదు.

నింటెండో స్విచ్‌కు ఈ లెక్కలేవీ వర్తించవు. కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మదు కాబట్టి అధికారిక తగ్గింపూ ఉండదు, వారంటీ కూడా ఉండదు. డాలర్ రేటు, తెచ్చేవాడి లాభం, ఇవే దాని రేటు. అమెరికా నుంచి వచ్చే చుట్టం ఉంటే చెప్పి తెప్పించుకోవడమే మంచి బేరం.

వాడినది కొనేటప్పుడు

ఆఫర్ దాకా ఆగలేనివాళ్లకు సెకండ్‌హ్యాండ్ దారి ఉంది. కొత్తది సేల్‌లో 47 వేలకు వస్తున్నప్పుడు వాడినదానికి 40 వేలు పెట్టడం బుద్ధితక్కువ పని. 30 వేలు దాటితే వారంటీ మిగిలి ఉండాలి, బిల్లు ఉండాలి. గేమింగ్ పార్లర్‌లో నడిచిన కన్సోళ్లు రోజుకు పన్నెండు గంటలు పనిచేసి ఉంటాయి, ఫ్యాన్ నిండా దుమ్ము. అడిగితే ఎవరూ ఒప్పుకోరు, వెనక జాలీలోకి ఫోన్ లైటు వేస్తే అదే చెప్తుంది.

అమ్మేవాడి ఇంట్లోనే, టీవీకి పెట్టి చూడాలి. వెనక హెచ్‌డీఎంఐ పోర్టులోకి లైటు వేసి పిన్నులు వంగాయా చూడండి, కేబుల్ పెట్టి మెల్లగా కదపండి. బొమ్మ ఆరిపోతే పోర్టు పోయినట్టే. మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి, మీ ఫోన్ నెట్‌తోనే. కంపెనీ నిషేధించిన కన్సోల్ అయితే అక్కడే ఎర్రర్ వస్తుంది. డిస్కు ఒకటి మీరే తీసుకుపోయి వేయండి. పాత లావు మోడల్‌లో డిస్క్ డ్రైవ్ లోపలి బోర్డు మెయిన్ బోర్డుతో జతకట్టి ఉంటుంది, వేరే డ్రైవ్ మారిస్తే చదవదు, అందుకే ఇది తప్పకుండా చూడాలి. తర్వాత బరువైన ఆట ఒకటి అరగంట ఆడండి. మొదటి పది నిమిషాలు అన్నీ బాగానే ఉంటాయి, వేడెక్కాకే గుట్టు బయటపడుతుంది: ఫ్యాన్ హోరు, బొమ్మలో చుక్కలు, ఉన్నట్టుండి ఆగిపోవడం. కంట్రోలర్ స్టిక్ వదిలేసి చూడండి, ఆటలో బొమ్మ దానంతట అదే నడుస్తుంటే స్టిక్ పోయింది, కొత్త కంట్రోలర్ రేటు బేరంలోంచి కోసేయండి.

ఆగే నెలల్లో చేసుకోవాల్సినవి

కరెంటు సంగతి చూసుకోండి. పీఎస్5 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, కాబట్టి కొంచెం ఎక్కువతక్కువలకు స్టెబిలైజర్ అక్కర్లేదు. దానికి నచ్చనిది ఉన్నట్టుండి కరెంటు పోవడం. ఆట సేవ్ అవుతున్నప్పుడో, రెస్ట్ మోడ్‌లో అప్‌డేట్ దిగుతున్నప్పుడో పోతే మళ్లీ వేసినప్పుడు స్టోరేజీ రిపేర్ చేస్తున్నానని చూపిస్తుంది. మాటిమాటికీ అట్లా అయితే సేవ్ ఫైలు పాడవుతుంది. 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మోస్తుంది. కన్సోల్ ఆడేటప్పుడు 200 వాట్ల చుట్టూ, 43 అంగుళాల టీవీ 80 నుంచి 100. రెండూ దాని మీద నడుస్తాయి, సేవ్ చేసి ఆపడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలోనే కన్సోల్ ఆరిపోవచ్చు.

రెండోది ఎండ. కన్సోల్‌ను 5 నుంచి 35 డిగ్రీల గదిలో వాడమని కంపెనీ చెప్తుంది. మే నెలలో నల్లగొండ బయట 44 ఉంటే రేకుల గదిలో లోపల 40కి తగ్గదు. అద్దం తలుపుల టీవీ కబోర్డులో పెడితే ఇంకా పెరుగుతుంది. చుట్టూ కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ, కింద గట్టి చెక్క, పక్కన కూలర్ తడిగాలి నేరుగా తగలని చోటు చూసిపెట్టుకోండి. ఎండాకాలం సేల్‌లో కొంటే ఒక సౌకర్యం ఉంది: లోపం ఉన్న పెట్టె అయితే మొదటి వారంలోనే మధ్యాహ్నం రెండు గంటల వేడికి బయటపడుతుంది, రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే.

పెట్టె వచ్చిన రోజు

సేల్‌కు వారం ముందే మీ పిన్‌కోడ్ పెట్టి చూడండి. 508001 (నల్లగొండ), 509001 (మహబూబ్‌నగర్) పట్టణాలకు వస్తుంది గానీ మండలాల్లో కొన్నిటికి 'ఇక్కడికి డెలివరీ లేదు' అని చూపిస్తుంది. అప్పుడు పట్టణంలోని చుట్టాల చిరునామా ముందే చేర్చుకోండి, అర్ధరాత్రి సేల్ తెరిచాక కాదు. అమ్మేవాడి పేరు, రేటింగు చదవండి, అదే పేజీలో రెండో అమ్మకందారు కింద తక్కువ రేటు కనిపిస్తే అది దిగుమతి సరుకేమో చూడండి.

ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి. డెలివరీ బాయ్ ముందు పెట్టె తెరిచి, కన్సోల్ మీద సీరియల్ నంబర్, పెట్టె మీద నంబర్, బిల్లు మీద నంబర్ మూడూ ఒకటేనా చూసి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి. "తొందరగుంది సార్, ఓటీపీ చెప్పుండ్రి, మీరు తర్వాత చూసుకోండ్రి" అంటాడు. చెప్పకండి. ఆ సౌకర్యం లేకుంటే, సీలు కనిపించేటట్టు మొదలుపెట్టి కన్సోల్ బయటికి తీసేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయండి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన వీడియోను ఫిర్యాదులో ఒప్పుకోరు.

ఆ రాత్రే సిస్టమ్ అప్‌డేట్ చేసి, డిస్కు వేసి, రెండు గంటలు ఆడండి. బిల్లును ఫోటో తీసి రెండు చోట్ల దాచండి, థర్మల్ కాగితం బిల్లయితే ఆరు నెలల్లో అక్షరాలు మాసిపోతాయి. పెట్టెను అట్టతో సహా అటక మీద పెట్టండి. వారంటీలో హైదరాబాద్‌కు పంపాల్సి వస్తే ఆ లోపలి అచ్చు అట్టే దాన్ని కాపాడుతుంది, అమ్మాల్సి వచ్చినా పెట్టె ఉన్నదానికి వెయ్యి రెండు వేలు ఎక్కువే పలుకుతుంది.